ఫోనిక్సు మోజు

మన పట్టణములలో "ఫోనిక్సు" అను మాట యిప్పుడు వీథివీథిని బోర్డుల కెక్కినది. అక్షరము పేరు గాక దాని ధ్వనిని ముందు నేర్పి, ధ్వనులను కలిపించి పదమును చదివించు పద్ధతికి అది పేరు. దీనికై ప్రత్యేక రుసుము చెల్లించి మూడేండ్ల పసివారిని పంపు తల్లిదండ్రులు గలరు. పద్ధతి మంచిదే. మన యింట నున్న సొత్తును మఱచి పొరుగింట వెలయిచ్చి కొనుచున్నామనియే మా యభియోగము.

ఇంగ్లీషువారి కిది యేల కావలసివచ్చెనో చూడుడు. వారి అక్షరములు 26. పలుకు ధ్వనులు సుమారు 44. అక్షరము పేరొకటి, పని యొకటి. "హ్" అని పలుకవలసినదానికి "ఎచ్" అని పేరు! "సీ, ఏ, టీ" అని మూడు పేర్లు వల్లించిన బాలునికి "క్యాట్" ఎక్కడనుండి పుట్టును? పదమును బొమ్మవలె మొత్తముగ గుఱుతుపట్టించు పద్ధతి కొంతకాలము చెలరేగినది. 1955లో అమెరికాలో రుడాల్ఫ్ ఫ్లెష్ దానిని ఖండించుచు గ్రంథము వ్రాసెను. ఇంగ్లండులో 2006 నాటి రోజ్ నివేదిక పిమ్మట ధ్వనుల మార్గమే స్థిరపడినది. 2012లో అచ్చట ఆరేండ్ల యీడు పిల్లలకు 40 పదముల పరీక్ష యొకటి యేర్పడెను. బట్టీకి తావు లేకుండ అందు 20 అర్థములేని కల్పిత పదములు.

మన "క"కు పేరేమి? "క". ధ్వని యేమి? "క" యే. కకు గుడి యిచ్చిన కి, కొమ్మిచ్చిన కు అని చెప్పించిన పల్లెటూరి పంతులు నేర్పినది ధ్వనులను కలుపుటయే గదా!

అయినను మన బడులను పొగడలేము. గుణింతమును వరుసగా పాడు బాలుడు నడుమ "కె" ఒక్కటి చూపిన తెల్లబోవుచున్నాడు. మాటలలో నెన్నడును కనబడని ఌ, ౡ లతో సహా 56 అక్షరములు ముగియువఱకు ఒక్క పదమైన చదువనీయకుండుట ఏ శాస్త్రము? గ, డ, ప అను మూడే నేర్పుడు. గడప వచ్చును, పడగ వచ్చును. "వ" చేర్చిన పడవ వచ్చును. మొదటి వారముననే పిల్లవాడు చదువరి యగును. 2022 నాటి ఏసర్ నివేదిక ననుసరించి గ్రామీణ భారతమున ఐదవ తరగతివారిలో రెండవ తరగతి పాఠము చదువగలవారు నూటికి 43 మందియే. ఇది పిల్లల లోపమా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరులో ఒకటి మొదలు ఆఱవ తరగతివఱకు ఇంగ్లీషు మాధ్యమము నాజ్ఞాపించెను. 2020 ఏప్రిలులో హైకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసెను. ఉత్తరువు పోయినను మోజు పోలేదు. జీవనోపాధికి ఇంగ్లీషు కావలెననువారిని మేము నిందింపము. కాని లండను బాలుడు ధ్వనులు కలిపి "క్యాట్" అన్నంతనే ఇంటి పిల్లి వాని కన్నుల మెదలును; మన బాలుడు తప్పులేకుండ కలిపియు "అనగా నేమి?" అని పంతులు మొగము చూచును. ధ్వని మాటయై, మాట యర్థమగు ఆనందము వానికి తెలుగుననే ముందు కలుగగలదు. ఒకసారి ఆ కిటుకు తెలిసినవాడు రెండవ లిపిని తేలికగ పట్టును.

కావున మొదటి రెండేండ్లు తెలుగు చదువు చక్కగ నిలువవలెను. పిమ్మట ఇంగ్లీషును పేర్లతో గాక ధ్వనులతో నేర్పవలెను. అందులకు ఉపాధ్యాయులలో నెందఱికి శిక్షణ మిచ్చిరో, ఉభయ తెలుగు రాష్ట్రముల విద్యాశాఖలు జిల్లాలవారీగ లెక్క ప్రకటింపవలెనని కోరుచున్నాము.