ఎండకు కులం లేదనే వాళ్ళు మా పల్లెకు రండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళ సంగతేమో గానీ, కూలోళ్ళ ప్రాణాలు పోవటం మాత్రం ఏటా చూస్తూనే ఉన్నాం. అయినా అరుగు మీద కూచున్న పెద్దమనుషులు విసనకర్ర ఊపుకుంటూ "ఎండకు కులమేంది, సూర్యుడు అందరికీ ఒకటే గదా" అంటారు. సూర్యుడు ఒకటే, ఒప్పుకున్నాం. ఆ సూర్యుడికీ మనిషి నెత్తికీ మధ్య ఏముందన్నదే మా ప్రశ్న. ఒకరి నెత్తి మీద మిద్దె ఉంది, మిద్దె కింద ఫ్యానుంది, వాకిట్లో వేపచెట్టుంది. ఇంకొకరి నెత్తి మీద సిమెంటు రేకుంది. ఇంకొకరి నెత్తి మీద మట్టి తట్ట ఉంది. ఈ తేడా సూర్యుడు పెట్టింది కాదు.

ఎండాకాలం వచ్చిందంటే విపత్తుల సంస్థ వాళ్ళు ఫలానా ఫలానా మండలాల్లో వడగాల్పులని జాబితా పంపుతారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, తర్లుపాడు మనకు కొత్త పేర్లు కావు. పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దు, నూలు బట్టలు కట్టుకోండి, గొడుగు పట్టుకోండి, మజ్జిగ తాగండి అంటారు. సలహా తప్పని మేం అనం. కానీ ఆ సలహా ఎవరికి చెప్తున్నారు? బయటికి రాకపోతే ఆ పూట కూలి ఎవరిస్తారో అందులో ఉండదు. మజ్జిగ తాగమంటే పాడి ఎవరింట్లో ఉంది? నీడన ఉండమంటే పలక గనిలో నీడ యాడుంది? ఇంట్లో ఉండమంటే మధ్యాహ్నం పూట రేకుల ఇల్లు బయటికన్నా ఎక్కువ ఉడుకుతుందని ఆ రాసినాయనకు తెలుసా?

ఇంకో ముచ్చట చెప్పాలి. పేపర్లో 44 డిగ్రీలు, 45 డిగ్రీలు అని వేస్తారు గదా, ఆ లెక్క ఎట్లా తీస్తారో తెలుసా? గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, ఎండ తగలకుండా, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున పెట్టిన యంత్రంతో తీస్తారు. ప్రపంచమంతా అదే పద్ధతి, అందులో మోసం లేదు. కానీ చూడండి, ఆ యంత్రం కూడా నీడలోనే కూచుంటుంది! మన ఆడోళ్ళు మాత్రం ఎండలో, కాలే నేల మీద, వంగి పనిచేస్తారు. పేపర్లో పడే అంకె నీడలో ఉన్నోళ్ళ ఎండ. మన ఎండకు ఇంకా అంకె లేదు.

చచ్చిపోయినోళ్ళ లెక్క కూడా అంతే. 2003 మే, జూన్లలో ఉమ్మడి రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారు. 2015 మేలో ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యీ మూడు వందలకు పైగా పోయారని ప్రభుత్వ లెక్క. అప్పుడు కుటుంబానికి లక్ష రూపాయలన్నారు. అది రావాలంటే తహశీల్దారు, ఎస్సై, ప్రభుత్వ డాక్టరు ముగ్గురూ కలిసి ఇది వడదెబ్బేనని రాయాలన్నారు. చేలో పడిపోయిన మనిషిని మంచం మీద ఇంటికి మోసుకొచ్చి, చీకటి పడేలోపు పూడ్చిపెట్టే పల్లెలో ఆ ముగ్గురూ ఎప్పుడొస్తారు? పంచనామా లేదు, పోస్టుమార్టం లేదు. "గుండె ఆగింది", "తాగుడెక్కువైంది", "ముసలోడైపోయాడు" అని రాసుకుంటారు. ఎండ చంపిన మనిషిని కాగితంలో తాగుడు చంపుతుంది. పోయినవాడు మాలోడో మాదిగోడో అయితే ఆ తాగుడు మాట ఇంకా సుళువుగా అతుకుతుంది.

మనోళ్ళు ఒక ఎండలో బతికేవాళ్ళు కారు. ఇక్కడ పని దొరక్క ముఠాలు కట్టుకుని గుంటూరు సీమకు మిరప కోతలకు పోతారు, హైదరాబాదుకూ బెంగుళూరుకూ ఇళ్ళ పనులకు పోతారు, ఒంగోలు, చీరాల వైపూ పోతారు. ఊరు ఊరుకూ ఎండ మారుతుంది. మన పడమటి వైపు ఎండ పొడి ఎండ. నల్లమల అంచున రాళ్ళ నేల, గాలిలో తడి ఉండదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. అందుకే ఒంట్లో నీళ్ళు ఎంత పోయాయో మనిషికి తెలీదు. "నాకు చెమటే పట్టలా, బానే ఉన్నా" అంటూనే పడిపోతాడు. సముద్రం వైపు ఎండ తక్కువ అంకె చూపిస్తుంది గానీ గాలి నిండా తడి. చెమట కారుతుంది, ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. ఆరకపోతే ఎన్ని నీళ్ళు తాగినా ఒంట్లో వేడి ఒంట్లోనే. అందుకే వాతావరణ శాఖ వాళ్ళు కూడా మైదానంలో 40 డిగ్రీలు దాటితేనే వడగాలి లెక్కలోకి తీసుకుంటే, కోస్తాలో 37 నుంచే చూస్తారు. మార్కాపురంలో 42 తట్టుకున్నాం, ఇక్కడ 38 ఏం లెక్కని కోస్తాలో ఇంటి పనికి దిగిన కుర్రాళ్ళకు ఈ సంగతి ముఠా మేస్త్రీ చెప్పడు. మనమే చెప్పాలి.

ఇక నీళ్ళు. ఎండలో పనిచేసేవాడు ఎక్కువ నీళ్ళు తాగాలని డాక్టర్లు చెప్తారు. నిజమే. మరి ఏ నీళ్ళు? మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మన పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. తొంభై ఏళ్ళు కావస్తోంది. తాగునీళ్ళ లీటరులో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ హద్దులో ఉన్న నీళ్ళే అనుకుందాం. ఫ్యాను కింద కూచుని రెండు లీటర్లు తాగే మనిషి ఒంట్లోకి 3 మిల్లీగ్రాములు పోతుంది. చేలో ఏడు లీటర్లు తాగే కూలోడి ఒంట్లోకి పదిన్నర పోతుంది. హద్దు దాటిన బోరింగు నీళ్ళయితే మీరే లెక్కేసుకోండి. తాగకపోతే ఎండదెబ్బ, తాగితే వంకర కాళ్ళు. డబ్బున్నోళ్ళు ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటారు. కూలి డబ్బుల్లో నీళ్ళకింత అని తీసిపెట్టాల్సిన గతి పట్టిన మనిషిని "పుష్కలంగా నీరు తాగండి" అనటం వెక్కిరింపు.

వెలిగొండ గురించి మళ్ళీ రాయాలంటే మాకే విసుగ్గా ఉంది. 1996లో శంకుస్థాపన చేశారు. సొరంగాలు పూర్తయ్యాయని 2024 మార్చిలో ప్రారంభోత్సవం చేశారు. రాయి వేసిన నాడు పుట్టిన పిల్లకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండాయి, పెళ్ళయి పిల్లలు కూడా పుట్టి ఉంటారు. ప్రారంభోత్సవం నాడు కూడా ఆ సొరంగాల్లోంచి కృష్ణా నీళ్ళు రాలేదు.

నీళ్ళంటే మనకు దాహం ఒక్కటే కాదు. అప్పటి మన జిల్లా నేల మీదనే, 1985 జులైలో, కారంచేడులో జరిగిందేమిటి? మాదిగలు తాగే చెరువు నీళ్ళు పాడు చేయొద్దన్నందుకు మొదలైంది. మున్నంగి సువార్తమ్మ నీళ్ళకు తెచ్చుకున్న బిందె ఎత్తింది. దానికి బదులుగా మర్నాడు ఊరు కట్టగట్టి పల్లె మీద పడి ఆరుగురిని చంపింది. అంతకు ముందు, 1927 మార్చి 20న, బాబాసాహెబ్ మహాడ్‌లో చౌదారు చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగాడు. చెరువులు అందరివీ అని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానం చేసి ఉంది. తీర్మానం కాగితం మీద ఉంది, నీళ్ళు చెరువులో ఉన్నాయి, మధ్యలో కులం ఉంది. అందుకే వేల మంది నడిచిపోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ రోజులు పోయాయంటారా? వేసవి చలివేంద్రాల దగ్గర నిలబడి చూడండి. పట్టణంలో పర్లేదు. కొన్ని పల్లెటూళ్ళలో మనిషిని చూసి గ్లాసు ఇస్తారు, ఇంకో మనిషిని చూసి దోసిలి పట్టమంటారు. పైనుంచి ముంతతో పోస్తారు, సగం మోచేతుల మీదుగా కారిపోతాయి. దానం చేశామన్న పుణ్యం ఆయనకు, కారిపోయిన నీళ్ళు మనకు! పందిరికి ముందర ఆయన ఫోటో, ఆయన నాయకుడి ఫోటో. ట్యాంకరు వచ్చే ఊళ్ళలో ఇంకో ఆట. ట్యాంకరు ముందు ఊళ్ళో ఆగుతుంది, మిగిలితే పల్లెకొస్తుంది. మిగలని రోజు డ్రైవరు "బండి చెడిపోయింది" అంటాడు.

చెప్పుల సంగతి మరిచిపోయామా? ఊరి వీధుల్లో మాలమాదిగలు చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచిన రోజులు మన తాతలకు తెలుసు. తోలు ఊని చెప్పు కుట్టిన చెయ్యి మాదిగది. మే నెల మట్ట మధ్యాహ్నం ఉత్త కాళ్ళతో నడిచిన కాలు కూడా మాదిగదే. గొడుగు వేసుకుంటే ఒళ్ళు కొవ్వెక్కిందన్నారు, తలగుడ్డ చుడితే పొగరన్నారు. ఎండ నుంచి కాచుకునే ప్రతి వస్తువునూ గౌరవానికి గుర్తుగా చేసి మనకు కాకుండా చేశారు. ఎండకు కులం లేదట!

పని చోటు మాట చూద్దాం. పలక గనుల్లో నల్లరాయి పొద్దున తొమ్మిదికే కాలటం మొదలెడుతుంది. గుంతలో గాలాడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఉడికిపోతారు, కట్టుకోకపోతే రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. మార్కాపురం పలక మీద రాష్ట్రమంతా అ ఆలు దిద్దుకుంది. ఆ పలక చీల్చిన మనిషికి ఒక చలువ పందిరి వేయటానికి చేతులు రాలేదు.

ఉపాధి హామీ పనుల దగ్గర నీళ్ళు, నీడ, విశ్రాంతి, మందుల పెట్టె ఉండాలని 2005 చట్టం షెడ్యూలులోనే రాశారు. మన రాష్ట్రంలో వేసవి భత్యం కూడా ఉండేది, ఏప్రిల్, మే నెలల్లో కూలికి 30 శాతం కలిపేవాళ్ళు. కేంద్రం సాఫ్ట్‌వేరులోకి మారాక అది ఎగిరిపోయింది. పైగా 2023 జనవరి నుంచి పని చోటల్లా రోజుకు రెండు సార్లు ఫోటో తప్పనిసరి చేశారు. తెల్లారి అయిదింటికే పోయి పని ముగించుకున్న ఆడోళ్ళు రెండో ఫోటో కోసం ఎండలో కాచుకుని కూచున్నారు. పని కోసం కాదండీ, ఫోటో కోసం! 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేశారు. వంద రోజులు నూట ఇరవై అయిదు చేశామన్నారు, నిధుల్లో నలభై వంతులు రాష్ట్రాల నెత్తిన పెట్టారు. చట్టం పేరు మారినా కూలికి పందిరి ఎవరు వేస్తారన్న ప్రశ్న అక్కడే ఉంది.

ఆడోళ్ళ బాధ ఇంకొకటుంది, మీటింగుల్లో ఎవరూ ఎత్తరు. చేల దగ్గర చాటు ఉండదు. అందుకని పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా ఓర్చుకుంటారు. ఒంటేలుకు మంట, మూత్రపిండాలకు దెబ్బ. ఎండలో రోజుల తరబడి ఒళ్ళు ఎండిపోతే మూత్రపిండాలు పాడవుతాయని నికరాగువా చెరకు తోటల కూలీల దగ్గర చూసి డాక్టర్లు రాశారు. అక్కడ నీళ్ళు, నీడ, విశ్రాంతి ఇచ్చాక ఆ దెబ్బ తగ్గిందని కూడా రాశారు. అంటే మందు తెలిసిందే.

మన దొరలు "మధ్యాహ్నం పని ఆపితే ఎట్లా, పంట ఆగుతుందా" అంటారు. అరబ్బు దేశాల్లో ఆపుతున్నారు. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని చట్టం. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగు వరకు నిషేధం. అక్కడ కూలోళ్ళను నెత్తిన పెట్టుకుంటున్నారని మేం చెప్పటం లేదు, పాస్‌పోర్టులు గుంజుకునే కథలు మనకు తెలుసు. ఆ షేకులు కూడా కాగితం మీదన్నా రాసిన మాట, ప్రజాస్వామ్యమని చెప్పుకునే మన దగ్గర చేలో కూలికి రాయలేదు. పక్కన కేరళలో కూడా ఏటా వేసవిలో పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపమని కార్మిక శాఖ ఉత్తర్వు ఇస్తుంది.

మన ఉద్యమంలోనే కొందరు అన్నలు అంటున్నారు, "అత్యాచారాలుండగా, భూమి ఉండగా, ఈ ఎండ గోలేంది, ఇది ప్రకృతి" అని. అన్నలారా, భూమి లేకనే మనం ఎండలో ఉన్నాం. భూమున్నోడు గట్టు మీద చెట్టు కింద ఉంటాడు. 2020లో పల్లెటూళ్ళలో ఇళ్ళ పట్టాలని సెంటున్నర ఇచ్చారు. సెంటున్నరలో గోడ కట్టాలా, చెట్టు పెట్టాలా? ఎండకు తట్టుకునే ఇల్లు, మంచి నీళ్ళు, నీడ, అన్నీ భూమి తగాదాలోవే. దళితులు వాడుకునే నీళ్ళను పాడుచేయటం, అడ్డుకోవటం అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ కిందే నేరం. ట్యాంకరును పల్లెకు రానివ్వనోడి మీద ఆ కేసు పెట్టిన ఊరు ఒక్కటన్నా ఉందా? ముందు అది మొదలుపెడదాం.

ఈ వేసవిలో సంఘాలు చేయాల్సింది ఉంది. ట్యాంకరు ఏ రోజు, ఎన్ని గంటలకు, ముందు ఎక్కడ ఆగిందో ఒక పిల్లకాయ నోటుపుస్తకంలో రాయాలి. కూలికి పిలిచినప్పుడే ముఠా అంతా ఒక్క మాట మీద "ఆరింటికి వస్తాం, పదకొండుకు దిగుతాం, కూలి పూర్తిది" అనాలి. ఒక్కరు అంటే పనిలోంచి తీసేస్తారు, యాభై మంది అంటే తీయలేరు. చేలో ఎవరైనా తూలి మాట తడబడితే, ఒళ్ళు కాలిపోతుంటే, దయ్యం పట్టిందని కూచోకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి గట్టిగా విసరండి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. 108కు ఫోన్ చేయండి. మనిషి పోతే, ఎంత కష్టమైనా, పూడ్చకముందే పోలీసు స్టేషన్లో, తహశీల్దారు ఆఫీసులో కాగితం ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. ఎన్నింటికి పడ్డాడో, ఎవరి చేలో పడ్డాడో, అక్కడ నీళ్ళున్నాయో లేదో అందులో రాయండి. సంతకం పెట్టనంటే పల్లె పల్లెంతా ఆఫీసు వరండాలో కూచోండి. అక్కడ ఫ్యాన్లున్నాయి.