రాయబారి భార్యకు జీతం ఉండదు

సివిల్స్ ఫలితాల రోజున ఐఏఎస్ వచ్చినవాళ్ల ఇంటి ముందు టపాసులు పేలతాయి. ఐఎఫ్‌ఎస్ వచ్చినవాళ్లను మాత్రం "ఫారెస్టా?" అని అడుగుతారు. కాదు, విదేశాంగం అని చెప్పాక ఇంకేముంది! పారిస్, జెనీవా, విందులు, సుంకం లేని కారు.

ఆ వైభోగం అబద్ధమేమీ కాదు. విదేశీ భత్యం వేరుగా ముడుతుంది, ఇల్లు సర్కారే చూస్తుంది. 1961 వియన్నా ఒప్పందం పుణ్యమా అని అక్కడి పోలీసు రాయబారి మీద చెయ్యి వేయలేడు. అయితే వీటన్నిటికీ మూల్యం చెల్లించేది ఎక్కువగా ఇంట్లోవాళ్లే. ఇంచుమించు మూడేళ్లకో దేశం. పిల్లాడికి నలుగురు స్నేహితులు కుదిరేసరికి సామాను మళ్లీ కంటైనర్ ఎక్కుతుంది. భార్య డాక్టరైనా, లెక్చరరైనా చాలా దేశాల్లో ప్రత్యేక ఒప్పందం లేనిదే ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇంటికొచ్చే అతిథులకు వంటావార్పూ చూసుకునేది, ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టకూడదో గుర్తుంచుకునేది ఆవిడే. ఒకరికి జీతమిచ్చి ఇద్దరి చేత చాకిరీ చేయించుకునే సర్వీసు ఇది.

ఈ లెక్క ప్రభుత్వానికి తెలియక కాదు. భార్య లేని అధికారి, అంటే ఆడ అధికారి, వచ్చేసరికి దానికి గుబులు పట్టుకుంది. 1949లో చేరిన సి.బి.ముత్తమ్మ ఆ సర్వీసులో తొలి మహిళ. పెళ్లి చేసుకోవాలంటే ఆడవాళ్లు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని, సంసారం పనికి అడ్డొస్తోందని తోస్తే రాజీనామా అడగవచ్చని నిబంధనలుండేవి. మగవాళ్లకు అలాంటిదేమీ లేదు. ప్రమోషన్ ఆపేసరికి ఆవిడ సుప్రీంకోర్టుకెక్కారు. కేసు నడుస్తుండగానే ప్రమోషన్ ఇచ్చేశారు గనుక పిటిషన్ కొట్టేశారు. కానీ 1979 నాటి తీర్పులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఆ నిబంధనలను ఏకిపారేశారు. మగవాడి సంసారం పనికి అడ్డురానప్పుడు ఆడదానిది ఎందుకొస్తుందని నిలదీశారు.

మరి ఇంత కష్టం ఎందుకు పడతారంటే, నా దృష్టిలో జవాబు పారిస్‌లో లేదు, రియాద్‌లో ఉంది. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వెళ్లిన కూలీ అక్కడ ప్రాణం విడిస్తే శవం రావడానికి ఎన్ని కాగితాలో! పోలీసు రిపోర్టు, మరణ ధ్రువపత్రం, ఇంటి నుంచి అంగీకార పత్రం, చివరికి పాస్‌పోర్టు రద్దు చేసి ఎంబసీ ఇచ్చే ఎన్‌ఓసీ. ఒక్కటి తగ్గినా పెట్టె శంషాబాద్ చేరదు. యజమాని ఖర్చుకు మొహం చాటేస్తే, భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఇప్పించే వీలుంది. ఆ ఫైలును బల్ల మీద నిద్రపోనివ్వకుండా వెంటపడే అధికారి ఒకరుంటే చాలు, ఊళ్లో ఎదురుచూసే తల్లికి కొన్ని వారాలు కలిసొస్తాయి. కలెక్టరుకు కూడా ఇంత సూటిగా దొరకని తృప్తి అది.

ఆ అధికారి ప్రాణాలకు పూచీ మాత్రం లేదు. 1984లో బర్మింగ్‌హామ్‌లో మన దౌత్యాధికారి రవీంద్ర మాత్రేను అపహరించి చంపేశారు. 2008 జులై 7న కాబూల్‌లోని మన ఎంబసీ గేటు దగ్గర పేలిన కారు బాంబుకు దౌత్యాధికారి వి.వెంకటేశ్వరరావు, బ్రిగేడియర్ రవిదత్ మెహతా బలయ్యారు. ఆ గండం ఎలాగూ పూర్తిగా తప్పించలేం. జీవిత భాగస్వామి ఉద్యోగానికి వీలిచ్చే ఒప్పందాలు మాత్రం మన చేతిలో పనే. కొన్ని దేశాలతో ఇప్పటికే కుదిరాయి. సుంకాల మీద ఏళ్ల తరబడి బేరమాడే ఢిల్లీ, మిగతా దేశాల దగ్గర ఈ మాట కూడా అంతే గట్టిగా అడగాలి.