పేరు తెలిస్తే భయం పోతుంది

పదో తరగతి పూర్తి కాగానే మా హాస్టల్ నుంచి కొందరు ఐటీఐలోనో, పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లోనో చేరుతుంటారు. త్వరగా ఉద్యోగం వస్తుంది, ఇంటికి ఆసరా అవుతామని ఆశ. అయితే అలా చేరినవారిలో కొందరు మొదటి నెలలోనే పెట్టె సర్దుకుని వచ్చేస్తున్నారు. వాళ్ళకు పని చేతకాక కాదు, అక్కడి మాట అర్థంకాక అని మేము భావిస్తున్నాము.

మా సీనియర్ అన్న ఒకరు ఫిట్టర్ ట్రేడులో చేరాడు. మొదటి వారంలో సారు "ఫైల్ తీసుకురా" అంటే ఆఫీసు గదికి వెళ్ళి అట్ట ఫైలు తెచ్చాడు. అందరూ నవ్వారు. సారు అడిగింది ఆకురాయి. ఆ అన్న నాన్నగారు వడ్రంగి. రంపం పళ్ళకు ఆకురాయితో పదును పెట్టడం చిన్నప్పటి నుంచి చూసినవాడే. వస్తువు తెలుసు, దాని ఇంగ్లీషు పేరు తెలియదు. ఆ నవ్వుకే తలవంచుకుని ఇంటికి వచ్చేశాడు.

మిత్రులారా! మన ఊళ్ళలో పెరిగినవారికి ఇంజనీరింగ్ కొత్తేమీ కాదు. కమ్మరి నాగలి కర్రును కొలిమిలో కాల్చి దాగలి మీద సుత్తితో సాగగొడతాడు. అదే ఫోర్జింగ్. ఎర్రగా కాలినదాన్ని నీళ్ళలో ముంచుతాడు. అదే క్వెంచింగ్. అలా గట్టిపడిన ఉక్కు పెళుసుగా ఉంటుంది కాబట్టి మళ్ళీ కొద్దిగా వేడిచేస్తే టెంపరింగ్. కరిగించిన లోహాన్ని అచ్చులో పోస్తే కాస్టింగ్, మన మాటలో పోత. బండి చక్రానికి ఇనుప కట్టును కాల్చి ఎక్కించి నీళ్ళు పోస్తే అది బిగుసుకుంటుంది. పుస్తకంలో దాని పేరు ష్రింక్ ఫిట్. వానకు ఉబ్బినా తలుపు పట్టెయ్యకుండా వడ్రంగి వదిలే సందే క్లియరెన్స్.

కొన్ని పదాల మధ్య తేడా మాత్రం శ్రద్ధగా నేర్చుకోవాలి. లేత్ మిషన్ మీద పనిముక్క తిరుగుతుంది, మిల్లింగ్ మిషన్‌లో కోసే పనిముట్టు తిరుగుతుంది. వెల్డింగ్‌లో సాధారణంగా అతికే ముక్కల అంచులే కరిగి కలుస్తాయి, సోల్డరింగ్‌లో టంకం మాత్రమే కరుగుతుంది. జిగ్ పనిముట్టుకు దారి చూపుతుంది, ఫిక్చర్ పనిముక్కను కదలకుండా పట్టి ఉంచుతుంది. 25 మిల్లీమీటర్ల ఇరుసు 24.95 నుంచి 25.05 వరకు ఉండవచ్చని డ్రాయింగ్‌లో రాస్తే, ఆ 0.10 మిల్లీమీటరు తేడాయే టాలరెన్స్. అంత సన్నని కొలతకు స్కేలు చాలదు. మిల్లీమీటరులో వందో వంతు చూపే మైక్రోమీటరు కావాలి.

"ఇవన్నీ అక్కడ చేరాక నేర్చుకోవచ్చు కదా" అని కొందరు పెద్దలు అంటారు. ఇంట్లో చదువుకున్నవారు ఉన్న పిల్లలకు అది సరిపోవచ్చు. మన ఇళ్ళలో అడిగితే చెప్పేవారు తక్కువ. అక్కడ అడగాలంటే సిగ్గు. ఆ సిగ్గే మనల్ని వెనక్కి పంపుతోంది.

ఇంగ్లీషు పదాలు వద్దని మేము అనడం లేదు. డ్రాయింగులోనూ, ఇంటర్వ్యూలోనూ అవే కావాలి. కాని వాటి పక్కన మన పదం కూడా ఉంటే మనసుకు పడుతుంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం ప్రచురించింది. రైతుల నోటి మాటలకు పండితులు అంత విలువ ఇచ్చినప్పుడు, మన నాన్నల పనిముట్ల పేర్లు చెప్పడానికి మనకెందుకు చిన్నతనం?

అందుకే వార్డెన్ గారికి, ఉపాధ్యాయులకు మా విన్నపం. ఎనిమిదో తరగతి నుంచి సాయంత్రం స్టడీ అవర్‌లో రోజుకొక పదం బోర్డు మీద రాయించండి. ఒక పక్క ఇంగ్లీషు పేరు, మరో పక్క మన పేరు, కింద బొమ్మ. ఏడాదికొకసారి మైలవరం మీదుగా విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్ళి లేత్, వెల్డింగ్ పనులు చూపించండి. బాలికల హాస్టళ్ళలోనూ ఇదే జరగాలి. ఈ ట్రేడులు మగపిల్లలకే అని ఎక్కడా రాసిలేదు.

ఇక సీనియర్లకు ఒక మాట. సెలవులకు వచ్చినప్పుడు మీరు నేర్చుకున్న పది పదాలు మా నోటుబుక్కులో రాసి వెళ్ళండి. మీరు పడిన ఇబ్బంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పడకూడదు. రేపు ఎవరైనా ఫైల్ తెమ్మంటే మనలో ఒక్కరు కూడా ఆఫీసు గది వైపు వెళ్ళకూడదని మా కోరిక.