రాగి నాణేనికి లక్షలా? ముందు తూచండి, చదవండి

‘మీ ఇంట్లో పాత రాగి నాణెం ఉందా? లక్షలు మీవే’ అనే ప్రకటనలు మన ఫోన్లలో తరచుగా కనిపిస్తున్నాయి. కొంటామనేవాళ్లూ ఉన్నారు, అమ్ముతామనేవాళ్లూ ఉన్నారు. పిల్లలు వాటిని చూసి అమ్మమ్మ పెట్టె వెతుకుతున్నారు. ఫీజు కట్టే నెలలో ఇలాంటి ఆశ ఏ తల్లినైనా లాగుతుంది. అందుకే ఈ వారం దీని మంచిచెడ్డలు చూద్దాం.

మొదట కొంటామనేవాళ్ల సంగతి. నాణెం ఫొటో పంపగానే ధర ఖాయం చేస్తారు. ఆ వెంటనే రిజిస్ట్రేషన్ ఫీజు, కమీషన్, పన్ను అంటూ మన దగ్గరే డబ్బు అడుగుతారు. రిజర్వు బ్యాంకు పేరు, గుర్తు కూడా చూపిస్తారు. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, వాటికి తాను ఏ రుసుమూ అడగనని, తన పేరుతో వసూలు చేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. అమ్మేవారినే ముందుగా డబ్బు కట్టమంటే అది మోసం. అక్కడితో మాట ఆపేయాలి.

ఇక అమ్మేవాళ్ల సంగతి. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, మరోవైపు రామదర్బారో హనుమంతుడో ఉన్న రాగి ‘అణా’ వీటిలో ఎక్కువ. కంపెనీ అలాంటి అణాను వేయలేదు. అణా నాణెం చలామణిలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్ది మొదట్లో. అదీ రాగిది కాదు, రాగి, నికెల్ కలిపిన లోహంతో చేసింది. దేవుడి బొమ్మ ఉన్న బిళ్లను పూజలో పెట్టుకుంటే తప్పులేదు. చరిత్ర పేరు చెప్పి వేలకు వేలు అడగడమే తప్పు.

అసలు నాణేన్ని గుర్తుపట్టడానికి తూకం మొదటి మెట్టు. 1835లో కంపెనీ నాణేలన్నిటినీ ఒకే పద్ధతిలోకి తెచ్చింది. పావు అణా బరువు 100 గ్రెయిన్లు, అంటే సుమారు 6.48 గ్రాములు. అర్ధణా దానికి రెట్టింపు. వాడకంలో అరిగి కొంత తగ్గవచ్చు గానీ, బరువు బాగా ఎక్కువున్నా మరీ తక్కువున్నా అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకుంటే అది రాగి కాదు. అంటుకోనంత మాత్రాన అసలుదని కూడా కాదు.

రెండో మెట్టు అంచు, అక్షరాలు. ఆ కాలపు నాణేలను అచ్చుల మధ్య గట్టిగా కొట్టి చేసేవారు. కరిగించి మూసలో పోసిన నకిలీకి సూది మొనంత గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. వేర్వేరు నాణేలని చెప్పి చూపినవాటి మీద ఒకే చోట ఒకే గీత ఉంటే అవన్నీ ఒకే మూసలోవి. అందుకే కొనేముందు రెండు వైపులా, అంచూ, తక్కెడ మీద అంకె కనిపించేలా ఫొటోలు అడగాలి. ఇవ్వనంటే వదిలేయాలి.

ఇక్కడ మన పిల్లలకు ఒక అనుకూలత ఉంది. ‘డబ్బు’ ఒకప్పుడు రాగి నాణెం పేరే. కన్నడంలో దుడ్డు, తమిళంలో తుట్టు కూడా డబ్బుకు వాడే మాటలే. పుదుచ్చేరిలో ఫ్రెంచివారు వేసిన రాగి ‘దూదూ’ మీద తమిళ అక్షరాలున్నాయి, మైసూరు కాసు మీద కన్నడం ఉంది. మద్రాసులో కంపెనీ వేసిన కొన్ని నాణేల మీద మన తెలుగూ ఉంది. రెండు మూడు లిపులు వచ్చిన పిల్లవాడు అక్షరం తప్పిన నకిలీని పెద్దలకంటే ముందే పట్టుకోగలడు.

ఇంకో మాట. అసలుదైనంత మాత్రాన నాణెం ఖరీదైనది కాదు. 1835 పావు అణాలు లెక్కకు మించి వేశారు కాబట్టి అరిగినవాటికి పెద్ద ధర రాదు. ఇంట్లో ఉన్నదాన్ని చింతపండుతో తోమకండి. చిలుముతో పాటు దాని విలువా పోతుంది. వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని సొంతంగా విదేశాలకు పంపకూడదు. పొలంలో పాత నాణేల కుండ దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. బడి ప్రయోగశాలలో తక్కెడ ఉంది, భూతద్దం ఉంది. ఒక శనివారం పిల్లల్ని ఇంట్లోని పాత నాణేలు తెమ్మనండి. తూచించండి, చదివించండి, బొమ్మ గీయించండి. ధర మాట మాత్రం ఎత్తకండి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, ఫోను పట్టుకున్న నాన్నను ‘ముందు బరువెంతో అడుగు నాన్నా’ అని ఆపేది ఆ పిల్లలే.