12 ఫొటోల రీలు



వసంతములో మోదుగ చెట్లు ఆకులు రాల్చి ఎర్రని పువ్వులతో నిండును. ఆ పువ్వులను వెనుకటి ఆగ్ఫా క్లిక్-3 కెమెరాతో తీయువారు నిదానము నేర్చుకొనవలెను. 120 రీలు వేసినచో వచ్చునవి 12 ఫొటోలే. మరీ దగ్గరి పువ్వు మసకగా పడును. గాలికి కొమ్మ ఊగినచో ఫొటో చెడును. ఎట్లు వచ్చినదో రీలు కడిగించువరకు తెలియదు. కనుక మీట నొక్కకముందే నిలిచి, వెలుగు ఎటునుండి పడుచున్నదో, కొమ్మ కుదురుగా ఉన్నదో లేదో చూడవలెను. నేడు ఫోనుతో వంద ఫొటోలు తీసియు ఒక్క పువ్వునైనను తేరి చూడము.

కొండమీది ప్రసంగములో (మత్తయి 6:28) ప్రభువు అడవి పువ్వులను గమనించుమని బోధించెను. గమనించుటకు ఆగవలెను గదా!

మన దినములు కూడ లెక్కగల రీలే. మంచము పట్టిన తల్లి ముఖమును అట్లు ఆగి చూచి ఎన్నాళ్లయినది? రేపు జ్ఞాపకార్థ కూటమునకు ఆమె ఫొటో వెదకుటకంటె, ఈ సాయంకాలమే ఆమె చెంత కూర్చుండుట మేలు.

ప్రభువు మనకు అట్టి చూపు దయచేయును గాక. ఆమేన్.