దూరమొకటే, కొలతలు వేరు

మన పూర్వులు దూరాన్ని రెండు విధాల కొలిచేవారు. ఆమడ, క్రోసు అన్నవి నేలను కొలిచే మాటలు. కూతవేటు, పూట ప్రయాణం అన్నవి మనిషి శక్తిని, కాలాన్ని బట్టి పుట్టిన మాటలు. విమానాలు వచ్చినా ఈ రెండవ కొలతతో మనకు పని తీరలేదు. గుజరాత్‌లోని సూరత్, భావ్‌నగర్ ఇందుకు చక్కని నిదర్శనం.

ఖంభాత్ సింధుశాఖకు తూర్పు దరిన సూరత్, పడమటి దరిన భావ్‌నగర్. వీటి విమానాశ్రయాల నడుమ దూరాన్ని పాఠశాల గణితంతోనే కట్టవచ్చు. అక్షాంశ భేదం సుమారు 38 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలుకు, అనగా 1,852 మీటర్లకు సమానం. కనుక ఉత్తర దక్షిణాలుగా 38 మైళ్లు. రేఖాంశ భేదం 33 నిమిషాలు. కాని భూమధ్యరేఖ నుండి ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి గనుక అక్కడ అది 31 మైళ్లే. ఈ రెంటినీ భుజాలుగా లంబకోణ త్రిభుజం గీస్తే కర్ణం 49 మైళ్లు. అంటే దాదాపు 91 కిలోమీటర్లు.

అదే బస్సులో పోవాలంటే భరూచ్, వడోదరల మీదుగా సింధుశాఖను చుట్టి సుమారు 370 కిలోమీటర్లు సాగాలి. ఒక పగలు గడిచిపోతుంది.

2022లో ఈ రెండు నగరాల మధ్య తొమ్మిది సీట్ల సెస్నా విమానాలు తిరిగాయి. గంటకు 300 కిలోమీటర్ల వేగమనుకుంటే 91 కిలోమీటర్లకు 18 నిమిషాలు చాలు. ప్రయాణ సమయం మాత్రం అరగంట అన్నారు. తక్కిన పన్నెండు నిమిషాలు ఏమైనట్లు? విమానం రన్‌వే చేరాలి, గాలికి ఎదురుగా లేవాలి, ఎత్తుకు ఎక్కాలి, దిగేటప్పుడు వేగం తగ్గించుకొని వరుసలోకి రావాలి. ఈ పనులకు పట్టే కాలం దూరం తగ్గినంత మాత్రాన తగ్గదు. అందుచేత దగ్గరి ఊళ్ల మధ్య జెట్ విమానం నడిపినా కలిసివచ్చేది కొద్ది నిమిషాలే. ఇంటి నుండి విమానాశ్రయానికి పోవడం, తనిఖీలు, నిరీక్షణ దీనికి అదనం.

ఈ లెక్క ఎవరికి కావాలి? సూరత్‌లో వజ్రాలకు సానపట్టేవారిలో అనేకులు భావ్‌నగర్, అమ్రేలి జిల్లాల వారు. దీపావళికి వేలమంది ఒక్కమారుగా ఇంటిదారి పడతారు. తొమ్మిది సీట్లు వారికి ఏ మూలకు? 2020 నవంబరు 8న హజీరా, ఘోఘా రేవుల మధ్య పెద్ద పడవ ప్రారంభమైంది. సముద్రంపై సుమారు 90 కిలోమీటర్లు, నాలుగు గంటలు. లారీలు, మోటారు సైకిళ్లు సైతం ఎక్కే ఆ పడవ విమానం కంటె ఎంతో నిదానమైనదే. అయినా ఎక్కువమందికి ఊరిని దగ్గర చేసినది అదే.

అదే సూరత్‌లో మరమగ్గాలపై బ్రతికే తెలంగాణ నేతన్నలున్నారు. తల్లికి బాగులేదని కబురు వచ్చిన రాత్రి వారు రేఖాంశాలు లెక్కించరు. తొలి బండి ఏ వేళకు, చోటు దొరికేనా, చేతిలోని సొమ్ము చాలునా అని విచారిస్తారు. ఊరు ఎంత దూరమో ఆ మూడు జవాబులే తేలుస్తాయి.