తేలిక తుపాకి

మా అక్క కొడుకు వేసవి సెలవులకని అమెరికానుంచి వచ్చి నెల్లాళ్ళపాటు నిడదవోలులో మా ఇంట ఉన్నాడు. పదహారేళ్ళవాడు. వచ్చిన మూడో నాడు వంటింట్లోకి పోయి, "అత్తయ్యా, తక్కెడ ఉందా?" అని అడిగేడు. ఏం తూస్తావురా అంటే కర్రముక్కలన్నాడు. పిల్లవాడికి మన ఎండలు పడలేదు కాబోలునని మా ఆవిడ గ్లాసెడు మజ్జిగ కలిపి ఇచ్చింది.

సంగతేమిటంటే, అక్కడ వీళ్ళంతా సెలవునాడు తోటలో చేరి యుద్ధమాట ఆడుకుంటారుట. దాన్ని ఎయిర్‌సాఫ్ట్ అంటారు. 1970లలో జపానులో మొదలైంది. సామాన్యుడు నిజం తుపాకి ఉంచుకోవడం బహు కష్టమైన దేశం కనక, ముచ్చట తీరడానికి గాలితో ప్లాస్టిక్ గుళ్ళు కొట్టే నకలు తుపాకులు చేసుకున్నారు. గుండు ఆరు మిల్లీమీటర్లు, ఎండు బఠాణీ గింజంత. అది తగిలినవాడు తనంతట తనే చెయ్యెత్తి "తగిలింది" అని ఒప్పుకుని ఆటలోంచి తప్పుకోవాలి. మన ఊళ్ళో ఇలాంటి ఆట పెడితే సాయంత్రందాకా ఒక్కడూ చావడని నా అనుమానం.

వీడు ఆ ఆటలో స్నైపరు. అంటే పొదచాటున పొంచి, ఒక్కొక్క గుండే గురిచూసి కొట్టేవాడన్నమాట. తుపాకి మూడున్నర కిలోలు. మనిషేమో గోంగూర కాడలా ఉంటాడు. మధ్యాహ్నానికి చేతులు వణుకుతాయిట. వణికే చేతులతో గురేమిటి? అందుకని తేలికపాటి తుపాకి స్వయంగా కట్టుకోవాలని సంకల్పం. పేలే భాగమేదీ ఇక్కడ ముట్టుకోకూడదు, వట్టి కట్టె మాత్రం చేయించి చూసుకుని, కొలతలు మాత్రమే పట్టుకుపోవాలి అని షరతు పెట్టి ఒప్పుకున్నాను.

వాడు కాగితం మీద బొమ్మ గీసి చూపించేదాకా నాకు తెలియలేదు గాని, లోపల ఉన్న యంత్రం చాలా చిన్నది. ఒక స్ప్రింగు, దాని ముందు ముషలకం. పిడి వెనక్కి లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది. మీట నొక్కితే ముషలకం ముందుకు దూకి గాలిని తోస్తుంది. ఆ గాలి గుండుని సన్నటి ఇత్తడి గొట్టంలోంచి తోసేస్తుంది. గొట్టం మొదట్లో పైనుంచి ఒక రబ్బరు బొడిపె గుండుని రాసుకుంటుంది. దాంతో గుండు వెనక్కి తిరుగుతూ పోతుంది. అలా తిరిగేదాన్ని గాలి కొంచెం పైకెత్తి పట్టుకుంటుంది కనక త్వరగా నేలకి వాలదు. ఇంకో చిత్రం: తుపాకి తేలికవ్వాలి గాని గుండు తేలిక్కాకూడదు. 0.20 గ్రాముల గుండుని గాలి అటూ ఇటూ నెట్టేస్తుంది. గురి కావలసినవాడు 0.40 గ్రాముల గుండు వేసుకుంటాడు.

"మరి ఇంతోటి దానికి మూడున్నర కిలోల బరువెందుకురా?" అన్నాను.

"నిజం తుపాకిలా ఉండాలని, మామయ్యా."

నిజం తుపాకిలో మందు పేలుతుంది. ఆ వేడికీ, ఒత్తిడికీ ఉక్కు గొట్టం కావాలి. తన్నుకి తట్టుకునే కట్టె కావాలి. ఇందులో మందే లేదు. పైన కనబడే లావుపాటి గొట్టం లోపలి ఇత్తడి గొట్టానికి తొడుగు మాత్రమే. ఉక్కు తీసేసి అల్యూమినియం పెట్టినా గుండుకి ఏమీ తెలియదు. బరువంతా వేషం బరువన్నమాట.

గాలి తుపాకులన్నీ ఆటవస్తువులే అని మాత్రం అనుకోకండి. పద్దెనిమిదో శతాబ్దం చివర ఆస్ట్రియా సైన్యం గాలి తుపాకులతో నిజం యుద్ధానికే దిగింది. ఇక మన తుపాకి అన్న మాట తురుష్క, పారసీక భాషలనుంచి వచ్చింది. అక్కడ ఆ మాటకి మొదటి అర్థం నోటితో ఊది మట్టి ఉండలు కొట్టే గొట్టం. మందుగుండు వచ్చేక పేరు దానికి అంటుకుంది. మావాడు తెలియకుండా మాటని దాని పుట్టింటికి తీసుకుపోతున్నాడు. బస్తరులో ఇది ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఓరుగల్లునుంచి పోయిన కాకతీయుల వంశం వారు ఏలిన సీమ అది. జగదల్‌పూరులో రథయాత్రకి జరిపే గోంచా పండుగలో వెదురు గొట్టంలో అడవికాయలు పెట్టి, పుల్లతో తోసి, జగన్నాథస్వామికి సలాముగా పేలుస్తారు. ఆ గొట్టం పేరు తుపకి!

కర్ర విషయానికి వస్తే, నాకు కొండపల్లి బొమ్మలు గుర్తుకొచ్చేయి. అవి చేసే తెల్లపొణికి ఎంత తేలికో చేత పట్టుకున్నవారికి తెలుస్తుంది. బెజవాడ పనిమీద వెళ్ళినవాణ్ణి కొండపల్లిదాకా పోయి మూడు ముక్కలు పుచ్చుకొచ్చేను. మా వీధి చివరి వడ్రంగి మేస్త్రి వాటిని చేత్తో తూచి, "ఇది కర్రా, పిడకా మాస్టారూ?" అన్నాడు. తరవాత గోరుతో నొక్కేడు. గాటు పడింది. "చెక్కడానికి వెన్నే గాని, మర దిగితే పట్టుకోదు బాబూ" అని మావాడితో చెప్పి, మరలు దిగవలసిన నాలుగు చోట్లా టేకు బిళ్ళలు పొదిగేడు. అతుకులకి కొండపల్లివారి పద్ధతే: చింతగింజల పిండి, రంపప్పొట్టు కలిపిన మక్కు. కట్టె లోపల గుల్లగా తొలిచేసి, అడ్డంగా రెండు పట్టీలు వదిలేడు.

రెండోనాటికి తూస్తే వాడనుకున్నదానికన్నా తేలికయింది. వాడు గంతులు వేసేడు. మేస్త్రి మాత్రం యంత్రం బరువుకి బదులు ముందూ వెనకా మేకుల సంచులు కట్టి, దాన్ని చూపుడువేలు మీద నిలబెట్టేడు. మూతి కిందికి వాలిపోయింది. "కావడి ఎంత బరువన్నది కాదు బాబూ, ఎటు లాగుతుందన్నది" అని, ముందువైపు ఇంకా తొలిచి, ఆ ఆనిక రెండు చేతుల మధ్యకి వచ్చేదాకా వదల్లేదు. ఇంజనీరింగు చదవబోయేవాడు నోరు తెరుచుకుని చూసేడు.

పేచీ రంగు దగ్గర వచ్చింది. వాడు నల్లరంగు అన్నాడు. నేను కొండపల్లి ఎరుపూ పసుపూ అన్నాను. "స్నైపరు దాక్కోవాలి మామయ్యా! పసుపు తుపాకి పట్టుకుంటే గుడ్డివాడు కూడా కొడతాడు."

ఆ రాత్రి అరుగు మీద కూచుని మా అక్క ఫోనులో ఏడిచినంత పని చేసిందన్న సంగతి వాడికి చెప్పేను. దాని భయం ఊరికే పుట్టలేదు. 2014 నవంబరు 22న క్లీవ్‌లాండులో టామిర్ రైస్ అనే పన్నెండేళ్ళ పిల్లవాడు పార్కులో ఇటువంటి ఆటతుపాకితో ఉన్నాడు. అది ఆటదని తెలియడానికి మూతికి ఉండవలసిన నారింజరంగు ముక్క లేదు. ఎవరో ఫోను చేస్తే వచ్చిన పోలీసు, కారు ఆగిన రెండు సెకన్లలో కాల్చేడు. మర్నాడు పిల్లవాడు పోయేడు.

"బరువులో నిజం తుపాకి పోలిక అక్కరలేదని నువ్వే తీసేశావు. రంగులో ఎందుకురా మరి?" అన్నాను.

వాడు మాట్లాడలేదు. అప్పుడు నేను ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మా ఆవిడకి కూడా చెప్పని సంగతి వాడికి చెప్పేను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా పిన్ని కొడుకూ నేనూ వెదురు తుపాకులు చేసుకున్నాం. గొట్టం చివర తడికాగితం ఉండ కూరి, వెనకనుంచి ఇంకో ఉండ పుల్లతో తోస్తే, మధ్య గాలి నలిగి ముందుది ఠప్పున పోతుంది. కాగితం ఉండ మెత్తగా ఉందని నేను ఒక చింతగింజ పెట్టేను. మా తమ్ముడు అరటిబోదె చాటునుంచి అప్పుడే తల ఎత్తేడు. కంటికి నెలరోజులు కట్టు. తుమ్మకంప తగిలిందని ఇంట్లో వాడే చెప్పేడు. చూపు దక్కింది గాని ఇప్పటికీ ఎండలోకి వస్తే ఆ కంటినుంచి నీరు కారుతుంది. నా తుపాకిలో స్ప్రింగు లేదు, ఇత్తడి గొట్టం లేదు. వీళ్ళ 0.20 గ్రాముల గుండు సెకనుకి 100 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి ఒక జౌలు. జపాను చట్టం గీత గీసింది ఆ కాస్త శక్తికీ ఇంచుక లోపలే. చర్మం మీద అది ఎర్రటి మచ్చ. కన్నుకి ఆ మాత్రం చాలు.

"మేం కళ్ళద్దాలు లేకుండా ఆడం మామయ్యా" అన్నాడు వాడు మెల్లిగా. "కాని చెమటకి మసకేస్తే కొందరు తీసేస్తారు." ఆ "కొందరు"లో తను ఉన్నాడో లేడో చెప్పలేదు.

రంగు తగువు తీర్చినవాడు మేస్త్రి. "పసుపు వేసి, పైన గలేబు కుట్టించుకో బాబూ, దిండుకి తొడిగినట్టు. ఆటలో తొడుక్కో, బయటికొచ్చేటప్పుడు ఊడదీసెయ్" అన్నాడు. మా ఆవిడ పాత ఆకుపచ్చ వాయిల్ చీర చింపి, ఆకుల్లా కత్తిరించి కుట్టి ఇచ్చింది. మూతివైపు నారింజరంగు మాత్రం గలేబులోంచి బయటికే ఉండాలన్నాను. ఈసారి వాడు వాదించలేదు.

వాడు కాగితాలూ, గలేబూ పట్టుకు వెళ్ళిపోయేడు. మొన్న అక్క ఫోనులో ఫోటో పంపింది. అక్కడ దొరికే తేలిక కర్రతోనే కట్టుకున్నాడుట. రెండు కిలోల చిల్లర తూగిందిట. పసుపే వేసేడు. పక్కనే కళ్ళద్దాలు పెట్టి మరీ ఫోటో తీసేడు.

పొణికి కట్టె మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ దండెం వాలకుండా దాన్ని ఊతగా పెట్టింది. పోయిన ఆదివారం మా తమ్ముడు కూతురి ఓణీల పిలుపుకి వచ్చి, దండెం కింద నిలబడి దాన్ని భుజానికి ఆనించి చూసి, "ఇంత తేలికేమిటన్నయ్యా! మావాడికొకటి చేయించరాదూ?" అన్నాడు. బట్టలన్నీ వాకిట్లో పడ్డాయి.

చేయిస్తానన్నాను. ముందు కళ్ళద్దాలు కొనమన్నాను.